కాడి కింద చదువు

బండలాగుడులో పోటీ పడేవాళ్లున్నారు, ఎద్దును తయారుచేసేవాళ్లున్నారు. తీర్పు చెప్పడం నేర్పే బడి మాత్రం లేదు. సగం శతాబ్దం కూడా నిండని కుక్కల అజిలిటీ పోటీ ఆ బడిని ఎలా కట్టుకుందో కడప జిల్లా పల్లెలు ఓసారి చూడాలి.

పోటీకి ముందు ఎద్దు నోరు చూస్తారు. కమిటీ మనిషి ఒకచేత్తో ముక్కుతాడు పట్టి తల పైకెత్తి, రెండోచేతి బొటనవేలితో కింది పెదవిని లాగుతాడు. పశువుకు పైదవడలో ముందుపళ్లు ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. ఉన్నవన్నీ కింది దవడలోని ఎనిమిదే. అవి చిన్నగా, సన్నగా ఉంటే పాలపళ్లు. మధ్యలో రెండు వెడల్పుగా లేచి కనిపిస్తే రెండు పళ్లది. రెండు, రెండున్నరేళ్ల వయసులో ఆ మొదటి జత వస్తుంది. తర్వాత జత వెంట జత నాలుగు, ఆరు, ఎనిమిది. పుట్టిన తేదీ రాసిపెట్టని జీవికి నోరే సాక్ష్యం. చూసేవాడి బొటనవేలు ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగిందంటే, చుట్టూ నిలబడ్డ రైతులంతా ముందుకు వంగుతారు. పన్ను ఊడి కొత్తది మొలుస్తున్న ఎద్దు ఏ విభాగంలోకి వస్తుందన్నది అక్కడ పెద్ద తగాదా.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల తిరునాళ్ల కరపత్రం చేతికొస్తే ఆ తగాదా ఎందుకో తెలుస్తుంది. ‘ఒంగోలు జాతి వృషభరాజముల బండలాగుడు ప్రదర్శన పోటీలు’ అన్న పెద్దక్షరాల కింద విభాగాలు వరసగా ఉంటాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. గడువు కూడా పది, పదిహేను, ఇరవై నిమిషాలు అంటూ మారుతుంది. ఆ గడువులో జత బండను ఎంత దూరం లాగిందో టేపు పట్టి కొలుస్తారు. అడుగులతో సరిపెట్టరు, అంగుళాలు కూడా రాసుకుంటారు. గెలిచిన జత రైతు పేరు, ఊరు, లాగిన దూరం మర్నాడు పేపర్లో జిల్లా పేజీకెక్కుతాయి.

వయసు విభాగాలు, బరువు, గడువు, కొలత, బహుమతి. ఆటకు కావాల్సినవన్నీ ఇందులో ఉన్నాయి. జీవితమంతా దీనికే అంకితం చేసిన మనుషులూ ఉన్నారు. కుర్రతనంలో జతను తోలి, నడివయసులో ఊరూరా పోటీలకు న్యాయనిర్ణేతగా పిలిపించుకుని, తర్వాత పక్క ఊరి కుర్రాళ్లకు కోడెల్ని లొంగదీయడం నేర్పే పెద్దమనుషులు రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తారు. పోటీదారు, తీర్పరి, గురువు అన్న మూడు దశల వృత్తి అది. ప్రపంచంలో ఎక్కడ జంతువుతో కలిసి మనిషి ఆడే ఆట నిలబడిందో, అక్కడ ఈ మూడు దశలకూ ఒక పుస్తకం, ఒక పరీక్ష, ఒక పట్టా ఏర్పడ్డాయి. మన దగ్గర అవి లేవు. ఈ లోటు పూడకపోతే బండలాగుడు ఎన్నాళ్లు నిలబడుతుందన్నది అనుమానమే.

రేగడి నేర్పిన బలం

పెన్నా పరివాహకంలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పొలాలంటే ముందు గుర్తొచ్చేది నల్లరేగడి. వాన పడితే కాలు పైకి లేవనివ్వదు. ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. గరిక వేళ్లూనిన చేనును లోతుగా తిరగెయ్యాలంటే ఒక జత ఎద్దులతో అయ్యే పని కాదు. పెద్ద మడకకు ముందొకటి వెనకొకటిగా జతలు కట్టేవారు. అన్ని జతలూ ఒక్క అదనుకు అడుగు వేస్తేనే మడక కదిలేది. ఒక ఎద్దు జంకితే మిగతా అన్నింటి బలమూ వృథా. పక్క ఎద్దు అడుగును కనిపెట్టి అడుగు వేయడం, అదిలింపు విని ఆగకుండా లాగడం, ఈ రెండూ సేద్యం నేర్పిన చదువు. తిరునాళ్లలో బండ ముందు చూపిస్తున్నది ఆ చదువునే.

ట్రాక్టరు వచ్చాక ఆ అవసరం పోయింది. పులివెందుల వైపు చీనీ తోటలు, అరటి తోటలు పెరిగాయి. వాటిలో పెద్ద మడకకు పనేముంది? కాడెద్దులున్న కొట్టాలు ఖాళీ అయ్యాయి. చాలా ఊళ్లలో మిగిలిన జతలు పందెం జతలే. దుక్కి దున్నకపోయినా వాటిని మేపేవాళ్లున్నారు. గెలిచిన జతను లక్షలు పోసి కొనేవాళ్లూ ఉన్నారు. పరువు అనండి, మోజు అనండి, ఒంగోలు ఎద్దు చేత పని చేయించే విద్య ఈ పోటీల పుణ్యాన బతికి ఉందన్నది నిజం.

ఒంగోలు జాతికి ప్రపంచంలో కరువేమీ లేదు. బ్రెజిల్‌లో ‘నెలోరె’ అని పిలిచే పశువులు మన నెల్లూరు, ఒంగోలు సీమల నుంచి పోయినవాటి సంతానమే. 1868లో బహియా రాష్ట్రంలోని సాల్వడార్ రేవులో ఒక జత దిగిందని అక్కడి చరిత్ర చెబుతుంది. 1960ల మొదట్లో ప్రకాశం ప్రాంతంలోని కరవది నుంచి వెళ్లిన ఆంబోతు పేరే అక్కడ ఒక వంశానికి పేరైంది. 2023లో వియాటినా-19 అనే నెలోరె ఆవు 40 లక్షల డాలర్ల పైచిలుకు విలువ పలికి గిన్నిస్ పుస్తకానికెక్కింది. కానీ బ్రెజిల్ ఆ పశువును పెంచేది మాంసం కోసం. కాడి కట్టడం, జత కుదర్చడం, మాటతో నడిపించడం అక్కడికి పోలేదు. జాతిని వాళ్లు నిలబెట్టారు, విద్య మన దగ్గరే ఉండిపోయింది. దాన్ని కాపాడుకోవాల్సిన బాధ్యత కూడా మనదే.

గీత దగ్గర రెండు నిమిషాలు

ఆ విద్య ఏమిటో తెలియాలంటే పోటీ మొదట్లో గీత దగ్గర నిలబడి చూడాలి. కాడి నుంచి బండకు గొలుసు బిగుస్తుంది. నిలిచి ఉన్న బండను కదిలించడానికి పట్టే బలం, జారుతున్న బండను లాగడానికి పట్టేదానికన్నా ఎక్కువ. అందుకే తెలిసినవాడు ఎద్దుల్ని ఒక్కసారిగా ఎగదోయడు. ముందు గొలుసు బిగువును మెడమీద తెలియనిస్తాడు. రెండు మూపురాల ముందూ కాడి సమంగా కూర్చుందా అని చూస్తాడు. రెండింటి చెవులూ తనవైపు తిరిగాయా లేదా అన్నది గమనిస్తాడు. అప్పుడే గొంతెత్తుతాడు. ఎద్దులు రెండూ తలలు దించి, ముందుకాళ్లు కొద్దిగా వంచి, ఒంటి బరువంతా మెడ మీదికి తెచ్చుకుంటాయి. గిట్టల కింద మన్ను పెళ్లలుగా లేస్తుంది. బండ కదులుతుంది. ఇక ఆగకూడదు, ఆగిన ప్రతిసారీ ఆ మొదటి బలాన్ని మళ్లీ పెట్టాలి.

ఒక ఎద్దు ముందు లేచి రెండోది వెనకబడితే కాడి వాలుతుంది. వాలిన కాడి ఒక మెడను నొక్కి, రెండోదాన్ని ఒరుస్తుంది. బండ పక్కకు తిరుగుతుంది. చివరి గీత దగ్గర జతను తిప్పేటప్పుడు లోపలి ఎద్దు దాదాపు నిలిచి తిరగాలి, బయటి ఎద్దు చుట్టూ నడవాలి. అక్కడ పోయే సెకన్లే చాలా పోటీల్లో మొదటి బహుమతికీ మూడో బహుమతికీ తేడా. మైకులో వ్యాఖ్యాత అడుగులు లెక్కబెడుతుంటే జనం ఈలలు వేస్తుంటారు. ఆ గోలలో తన మనిషి గొంతును వేరుచేసి వినడం ఎద్దు నేర్చుకుని ఉండాలి.

ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు. పాలపళ్ల వయసు నుంచే కోడెను మనుషుల మధ్య తిప్పుతారు. చప్పుడు అలవాటు చేస్తారు. జతలో రెండోది ఏదన్నది ఎత్తు, నడక, స్వభావం చూసి కుదురుస్తారు. ఒకటి దూకుడుగా, ఒకటి నిదానంగా ఉంటే ఆ జత నిలవదు. తెల్లవారుజామున నడక, చెరువుంటే ఈత, తేలిక బరువుతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచే లాగుడు. ఉలవలు నానబెట్టి ఉడికించి పెడతారు. జొన్నచొప్ప, పత్తిగింజలు, కోడిగుడ్లు, ఖర్జూరాలు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు. తండ్రి దగ్గర కొడుకు, మేనమామ దగ్గర మేనల్లుడు చూసి నేర్చుకున్నదే. ఒక తరం నేర్చుకోకపోతే పోయినట్టే.

క్రఫ్ట్స్‌లో పుట్టిన ఆట

1978 ఫిబ్రవరి. లండన్ ఒలింపియా హాల్లో క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శన. పెద్ద పోటీకీ పెద్ద పోటీకీ నడుమ ఖాళీ వేళ జనానికి ఏదైనా చూపించాలని నిర్వాహకుల కమిటీలోని జాన్ వార్లీ అనుకున్నారు. గుర్రాల చేత ఆటంకాలు దూకించే పోటీలు ఆ దేశంలో పాతవే. అలాంటిదే కుక్కలకు చిన్న ఎత్తున పెడితే? శిక్షకుడు పీటర్ మీన్‌వెల్ ఆటంకాలు తయారుచేశారు. రెండు జట్లు, జట్టుకు నాలుగు కుక్కలు. కాసేపటి వినోదం కోసం పెట్టిన ఆ ఆటే అజిలిటీ.

రెండేళ్లు తిరిగేసరికి 1980లో ఇంగ్లండ్ కెన్నెల్ క్లబ్ దానికి నిబంధనలు రాసి గుర్తించింది. అమెరికాలో 1986లో కెన్నెత్ టాష్ ఒక సంఘం పెట్టారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1994లో తన మొదటి అజిలిటీ పోటీ జరిపింది. 1996లో స్విట్జర్లాండ్‌లో అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ తొలి ప్రపంచ పోటీ నడిపింది. పద్దెనిమిదేళ్లలో ఖాళీ వేళ వినోదం ప్రపంచ స్థాయి క్రీడ అయింది.

ఆట చూడ్డానికి తేలిక. పదిహేను నుంచి ఇరవై రెండు ఆటంకాలు. దూకాల్సిన కర్రలు, దూరాల్సిన సొరంగాలు, ఇంటికప్పులా రెండువైపులా వాలిన పెద్ద పలక, ఎత్తు మీద సన్నటి నడకబాట, ఊగే పలక, పాములా మెలికలు తిరుగుతూ పోవాల్సిన పన్నెండు గుంజలు. కుక్క వాటిని వరస తప్పకుండా దాటాలి. మనిషి పక్కన పరుగెత్తుతూ గొంతుతో, చేతి సైగతో, భుజం తిప్పే తీరుతో దారి చూపాలి. కుక్క మెడకు తాడు ఉండదు. చేతిలో తిండి ఉండకూడదు. కుక్కను ముట్టుకోకూడదు. కర్ర పడిపోతే ఐదు తప్పులు. ఆటంకం ముందు కుక్క ఆగిపోతే ఐదు. మూడుసార్లు ఆగితే బయటికి. వాలు పలకల చివర రంగు వేసిన భాగంలో కుక్క పాదం పడకపోతే మళ్లీ ఐదు. ఆ రంగు ఎందుకంటే, పై నుంచి నేరుగా కిందికి దూకితే కుక్క భుజాలకు దెబ్బ. కింది వరకూ నడిచి దిగేలా చేయడానికే ఆ నిబంధన.

ఆట నియమం జంతువు కీలు కోసం రాయడం అన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. అజిలిటీలో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఎఫ్‌సీఐ పోటీల్లో పద్దెనిమిది నెలలు నిండని కుక్కకు ప్రవేశం లేదు. ఎముకలు ముదరకముందు దూకించకూడదని. ఎత్తును బట్టి విభాగాలు. మొదట మూడుండేవి, 2023 నుంచి నాలుగు చేశారు, మధ్యరకం కుక్కల చేత పెద్ద కుక్కల ఎత్తు దూకించడం న్యాయం కాదని. గుంజల మధ్య దూరం ఇదివరకు ఇరుగ్గా ఉండేది, ఇప్పుడు 60 సెంటీమీటర్లు. గుడ్డ సొరంగం ఒకటి ఉండేది. మొదట్లో తెరిచి ఉండి, ఆ తర్వాత గుడ్డ కూలి నేలకు ఆనుకుని ఉండేది, కుక్క దాన్ని తోసుకుంటూ బయటికి రావాలి. గుడ్డ చుట్టుకుని కుక్కలు గాయపడుతున్నాయని 2016లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ దాన్ని తీసేసింది. మొదటినుంచీ ఉన్న ఆటంకం, జనానికి నచ్చిన ఆటంకం. అయినా తీసేశారు.

తీర్పరి చేతిలో బరి

ఇంతకూ ఆ ఆటలో జడ్జి చేసేదేమిటి? తప్పులు లెక్కబెట్టడం అతని పనిలో సగం కూడా కాదు. ఆ రోజు ఆటంకాలు ఏ వరసలో, ఏ దూరంలో, ఏ మలుపులో ఉండాలో గీసేది జడ్జే. కాగితం మీద గీసుకుని వచ్చి, బరిలో పెట్టించి, దూరం కొలిచే చక్రం తోసుకుంటూ కుక్క పరుగెత్తే దారి వెంట నడిచి, కొలిచి, ఎంత సమయంలో పూర్తిచేయాలో నిర్ణయిస్తాడు. తర్వాత పోటీదారులు కుక్కలు లేకుండా బరిలో నడిచి దారి గుర్తుపెట్టుకుంటారు. దూకి దిగగానే వెంటనే పదునైన మలుపు పెడితే కుక్క మణికట్టుకు, భుజానికి ప్రమాదం. ఇంకో కుక్క ఎక్కువ వేగంతో అక్కడికొస్తే ఇంకా ప్రమాదం. ఇవన్నీ ముందే ఊహించాలి. జడ్జి గీత తప్పితే దెబ్బ తగిలేది కుక్కకు.

అందుకే ఎవరికి పడితే వాళ్లకు ఆ పని ఇవ్వరు. ఏళ్ల తరబడి పోటీల్లో ఆడి ఉండాలి. నిబంధనల మీద పరీక్ష రాయాలి. అనుభవమున్న జడ్జి వెంట శిష్యరికం చేయాలి. అప్పుడు ఆ దేశపు సంఘం అనుమతి పత్రం ఇస్తుంది. బరిలో ఎవరైనా కుక్కను కొట్టినా, కటువుగా లాగినా అక్కడికక్కడే ఆపి బయటికి పంపే అధికారం జడ్జికి ఉంటుంది. వాడకపోతే అతన్ని తప్పుపడతారు.

జడ్జిగా తిరిగితే సంపాదన పెద్దగా ఉండదు. ప్రయాణ ఖర్చులు, కొద్దిపాటి రుసుము. బతుకుతెరువు పాఠాలు చెప్పడంలో ఉంది. కెనడాలో సుసాన్ గారెట్, ఇంగ్లండ్‌లో గ్రెగ్ డెరెట్, స్లొవేనియాలో సిల్వియా ట్రక్‌మన్ పోటీల్లో గెలిచి పేరు తెచ్చుకున్నవాళ్లు. ఒక్కొక్కరూ తమదైన శిక్షణ పద్ధతి తయారుచేసి, బడులు పెట్టి, దేశదేశాల విద్యార్థులకు నేర్పుతున్నారు. కొట్టి లొంగదీయడం కన్నా, చేసిన మంచి పనికి వెంటనే తిండో ఆటో బహుమానంగా ఇచ్చి నేర్పిస్తే కుక్క వేగంగా, ఇష్టంగా చేస్తుందన్నది వాళ్లందరి దారి. అది దయ కోసం మాత్రమే చెప్పిన మాట కాదు, పోటీల్లో పతకాలు తెచ్చిన పద్ధతి.

కుక్కల శిక్షణ మన తెలుగు నేలకూ కొత్తేమీ కాదు. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో పోలీసు జాగిలాలకూ, వాటిని నడిపించే కానిస్టేబుళ్లకూ కలిపి శిక్షణ ఇస్తారు. వాసన పట్టడం, ఆటంకాలు దాటడం అన్నీ ఉంటాయి. అఖిల భారత పోలీస్ డ్యూటీ మీట్‌లో జాగిలాలకు విడిగా పోటీలు జరుగుతాయి. అక్కడ కూడా నేర్పేదానికి పాఠ్యక్రమం ఉంది, మార్కులున్నాయి. ప్రభుత్వం ఖాకీ చొక్కా వేసుకున్నవాడికి ఇచ్చిన బడి రైతుకు ఇవ్వలేకపోవడానికి కారణం ఏమీ లేదు.

బండ లాగేది మనమే కాదు

కుక్కలతో ఎద్దుల్ని పోల్చడం ఎంతవరకు సబబు అనిపించవచ్చు. అయితే ఎద్దులనే చూద్దాం. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో ఊరి నడుమ రాళ్లు పరిచిన బరి ఉంటుంది. అందులో ఒక జత ఎద్దులు టన్నుల బరువున్న బండను ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు లాగుతాయి. గడువులో ఎన్నిసార్లు దాటాయన్నదే లెక్క. పేరు ‘ఇదిప్రోబాక్’. జమ్మలమడుగు రైతును తీసుకెళ్లి ఆ బరి పక్కన నిలబెడితే ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. అక్కడి స్థానిక ప్రభుత్వాలు ఈ పోటీలకు నిబంధనలు రాశాయి. ఎద్దులకు ఉత్ప్రేరక మందులు ఇచ్చారేమో పరీక్షలు చేస్తాయి. ఆ ఆటను జనం తమ సంస్కృతిగా గర్వంగా నిలుపుకున్నారు, నిబంధనలతో సహా.

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని ఫ్రైబర్గ్ సంత 1851 నుంచి జరుగుతోంది. అక్కడా ఎద్దుల లాగుడు పోటీ ఉంటుంది. పళ్లు చూడరు, జతను కాటా మీద నిలబెట్టి బరువును బట్టి విభాగాలు చేస్తారు. ఆ ప్రాంతంలో ‘ఫోర్-హెచ్’ అనే పిల్లల సంఘం ఉంది. పదేళ్ల పిల్లలు కూడా కోడెదూడల జతకు కాడి కట్టి, ఆటంకాల మధ్య బండిని తప్పించుకుంటూ మాటతో నడిపించే పోటీల్లో పాల్గొంటారు. ఎంత బరువు లాగిందన్నది అక్కడ లెక్క కాదు, ఎంత నెమ్మదిగా, ఎంత కచ్చితంగా మాట విన్నదన్నది చూసి జడ్జి మార్కులు వేస్తాడు. అజిలిటీలో కుక్క చేసేదీ, మన తోలేవాడు చివరి గీత దగ్గర మలుపులో చేసేదీ అదే. మన తిరునాళ్లలో కూడా బండతో పాటు ఇలాంటి నడక పోటీ ఒకటి పెడితే ఎంత బాగుంటుంది! బలమున్న జతే కాదు, బాగా నేర్చుకున్న జత కూడా బహుమతి తెచ్చుకుంటుంది. ఖరీదైన ఎద్దులు కొనలేని రైతు కొడుక్కి అందులో చోటు దొరుకుతుంది.

దాచిపెట్టలేని మాట

బండలాగుడును ప్రేమించేవాళ్లు ఒక మాటను ఒప్పుకోవాలి. కొన్నిచోట్ల ముల్లుకర్రతో పొడుస్తున్నారు. తోక మెలిపెడుతున్నారు. కాళ్లు తేలిపోయిన ఎద్దును కూడా గడువు మిగిలిందని కొట్టి లేపుతున్నారు. చివరి నిమిషాల్లో అదిలింపు పోయి చర్నాకోల దెబ్బే మిగులుతోంది. ఇది ఆట కాదు. గొంతుతో నడిపించగలిగిన మొనగాడు ఒకడు, దెబ్బలతో నడిపించేవాడు ఇంకొకడు ఒకే బరిలో దిగినప్పుడు, ఇద్దరికీ ఒకే టేపు పెట్టి కొలిస్తే అసలు విద్యకే అన్యాయం. దెబ్బతో వచ్చిన అడుగునూ మాటతో వచ్చిన అడుగునూ వేరుగా చూడగలిగిన తీర్పరి కావాలి.

చట్టం ఎప్పుడో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది. 2011లో కేంద్రం ప్రదర్శనల్లో వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎద్దుల బండి పందేలను నిషేధించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టానికి సవరణలు చేసుకున్నాయి. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణల్ని సమర్థించింది. ఆ తీర్పు చెప్పింది జల్లికట్టు, కంబళ, బండి పందేల గురించి. మన బండలాగుడు పేరు ఆ మూడు రాష్ట్రాల చట్టాల్లో లేదు. అక్కడ ఆటను కాపాడింది సంప్రదాయం అన్న మాట ఒక్కటే కాదు. నొప్పిని, బాధను తగ్గించే నిబంధనలు రాసుకున్నామని, వాటిని అమలు చేస్తామని చెప్పడం కూడా కాపాడింది.

ఎండ సంగతి కూడా ఉంది. 1965 నాటి కేంద్ర నియమాల ప్రకారం ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు పశువును బండికి కట్టకూడదు. కడప జిల్లాలో మే నెల ఎండ నలభై దాటుతుందని చెప్పక్కర్లేదు. తెల్లని బొచ్చు ఎండను కొంత తట్టుకుంటుందేమో కానీ, బరువు లాగేటప్పుడు ఎద్దు ఒంట్లోనే పుట్టే వేడిని అది ఆపలేదు. బండి అయినా బండ అయినా ఆ వేడి ఒకటే.

బడి పక్కనే ఉంది

ఈ కథనం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టూ తిరగడానికి పెద్ద కారణం ఒకటుంది. ఇలాంటి బడి పెట్టడానికి ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం. ప్రొద్దుటూరు దగ్గర గోపవరంలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది. పులివెందులలో పశుసంపద మీద ఉన్నతస్థాయి పరిశోధనల కోసం కట్టిన పెద్ద కేంద్రం ఉంది. గిట్టలు, కీళ్లు, గుండె, ఎండదెబ్బ గురించి చదివిన వైద్యులూ విద్యార్థులూ అక్కడున్నారు. కాడి, జత, అదిలింపు గురించి తెలిసిన రైతులు పది, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. ఇద్దరూ ఒక గదిలో కూర్చోవడమే తరువాయి.

కావాల్సింది కోట్ల పథకం కూడా కాదు. తిరునాళ్ల సీజనుకు ముందు న్యాయనిర్ణేతలకు వారం రోజుల శిక్షణ. ఎద్దు నోరు చూసి వయసు చెప్పడంలో పరీక్ష. ఊపిరి, నురగ, నడకలో తూలుడు చూసి జత అలసిపోయిందని గుర్తుపట్టడంలో పరీక్ష. బండ బరువుకూ జత బరువుకూ ఎంత నిష్పత్తి ఉండాలో కొలతలు తీసి తేల్చే ఒక అధ్యయనం, అది పశువైద్య విద్యార్థికి మంచి పరిశోధనాంశం కూడా. పాసైన న్యాయనిర్ణేతకు ఒక కార్డు. కార్డున్నవాళ్లనే పిలవాలని కమిటీల మధ్య ఒప్పందం. తోలడంలో పేరున్న పెద్దాయనల్ని గౌరవవేతనమిచ్చి పాఠం చెప్పమని పిలవడం. వాళ్లలో చాలామందికి వయసు మీదపడింది. వాళ్లు చెప్పేది వీడియో తీసి పెట్టుకోవడం ఈ ఏడాదే మొదలుకావాలి.

తిరునాళ్ల కమిటీల పెద్దలు మాత్రం ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. వచ్చే సీజను కరపత్రం అచ్చుకిచ్చేటప్పుడు దాతల పేర్ల కింద మూడు వాక్యాలు చేర్చండి. ముల్లుకర్ర వాడినా, తోక మెలిపెట్టినా ఆ జత పోటీకి అనర్హం. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు పోటీలు జరగవు. బరి దగ్గర పశువైద్యుడు ఉంటారు, జతను ఆపమని ఆయన చెబితే ఆ మాటే ఆఖరు.